కృతజ్ఞతల పేజీలో మా అక్క

నేను తయారుచేసిన డాక్టర్లందరినీ ఒక వరసలో నిలబెడితే, ఆ వరస ఆబిడ్స్ చౌరస్తాలో మొదలై, నాంపల్లి స్టేషన్‌లోకి దూరి, ప్లాట్‌ఫారం పొడవునా సాగి, చివరివాళ్లు పట్టాల మీద నిలబడాల్సి వస్తుంది. ఆ సమయానికి రైలు గనక వస్తే రాష్ట్రంలో సగం కాలేజీలకు పాఠం చెప్పేవాళ్లు మిగలరు. ఇంతమంది డాక్టర్లలో ఒక్కరికీ నాడి చూడటం రాదు. జ్వరం వస్తే వాళ్లే మందుల దుకాణం ముందు నిలబడి ఏ గోళీ వేసుకోమంటారని అడుగుతారు. వీళ్లంతా సిద్ధాంత గ్రంథాల డాక్టర్లు. ఆ గ్రంథాలు రాసింది నేను.

పేరు ముందు 'డా' అని ఒక అక్షరం, దాని పక్కన ఒక చుక్క. ఆ చుక్క కోసం మనుషులు పడే పాట్లు నేను చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. చుక్క వాళ్లకు వెళ్తుంది, మెడనొప్పి నాకు మిగులుతుంది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి వెళ్లే దారిలో, ఒక జిరాక్సు, బైండింగు దుకాణం పైన నా గది. ఎంత చిన్న గదంటే, లోపల ఒక ఆలోచన వస్తే దానికి చోటిచ్చి నేను బయట మెట్ల మీద నిలబడాలి. కుర్చీ నిజాం కొలువులో పనిచేసి రిటైరైనట్టుంటుంది. కింద జిరాక్సు మెషీన్లు తిరుగుతున్నప్పుడు బల్ల ఎంతగా వణుకుతుందంటే, భూకంపాల మీద ఒక గ్రంథాన్ని నేను పూర్తిగా స్వానుభవంతో రాశాను. గోడకు 'టైపింగ్, ఎడిటింగ్' అని బోర్డు ఉంటుంది. లోపల జరిగేదానికి వేరే పేరు ఉందిగానీ, దాన్ని బోర్డు మీద రాస్తే పోలీసులు మెట్లెక్కుతారు.

ఈ పనిలో కష్టాలేమిటని ఎవరైనా అడిగితే జనం మెడ, కళ్లు, నడుము అనుకుంటారు. అవి ఎటూ ఉన్నవే. అసలు కష్టం వేరు. ఒకసారి నా క్లయింటు ఒకాయన తన వైవాకు నన్ను పిలిచాడు. వైవా అంటే గ్రంథం రాసినవాణ్ణి పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేసే తంతు. రాయనివాణ్ణి అడుగుతారు కాబట్టి చూడటానికి మహా ముచ్చటగా ఉంటుంది. నాలుగో అధ్యాయంలో ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారని పరీక్షకుడు అడిగాడు. మనవాడు మెల్లగా తల తిప్పి చివరి బెంచీలో ఉన్న నా వైపు చూశాడు. నేను కంగారులో తల గోక్కున్నాను. అదే జవాబనుకుని ఆయనా గోక్కున్నాడు. అభ్యర్థి ఎంత వినయవంతుడో అని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత బషీర్‌బాగ్‌లో ఒక హోటల్లో భోజనాలు. బిర్యానీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ నన్ను చూపించి, ఎవరీయన అని పరీక్షకుడు అడిగాడు.

"మా జిరాక్సు ఆయన సార్. బైండింగు మస్తు చేస్తడు."

"ఓహో! బైండింగు చాలా బాగా కుదిరిందండీ" అని పరీక్షకుడు నా భుజం తట్టాడు.

నా యావత్తు సాహిత్యానికి ఇంతవరకూ వచ్చిన ఏకైక సమీక్ష అదే. ఇంటికి వచ్చి చెబితే మా అక్క కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీలే తమ్మీ, గట్టిగ కుట్టినవ్. ఊడలేదు గదా!"

మా అక్క గురించి చెప్పాలి. చెప్పాలనే ఇదంతా.

మాది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. అమ్మానాన్నలిద్దరూ మిషన్ బడిలో పంతుళ్లు, ఇద్దరూ నా చిన్నప్పుడే పోయారు. నాకంటే చాలా పెద్దదైన అక్క నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదిలో దింపి, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించే పనికి కుదురుకుంది. ఆమె టైపు కొడుతుంటే పక్కవీధిలో పెళ్లి బ్యాండు వాళ్లు తాళం తప్పేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, "నాకు స్పీడు ఎక్కువ, ఎవడూ అందుకోలే" అనేది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక నా గదిలోనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కాగితం మీద గీకింది ఆమె కొట్టేది. అలా నా ప్రతి గ్రంథాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన ప్రాణి ఈ భూమ్మీద మా అక్క ఒక్కతే. గైడులు చదవరు, పరీక్షకులు చదవరు, డాక్టర్లయితే అసలే చదవరు.

ప్రతి గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. గైడుకు, ప్రిన్సిపాలుకు, చివర్లో కన్నతల్లికి దండాలు పెట్టే పేజీ. మా వ్యాపారంలో అది కొసరు. అన్ని అధ్యాయాలు రాయించుకున్నవాడికి ఆ ఒక్క పేజీ ఊరికే రాసిస్తాం.

మొట్టమొదట ఆ కొసరు అడిగింది ఒక ఎకనామిక్స్ లెక్చరరు. మీ అమ్మగారి గురించి ఏమైనా చెప్పండి, ఒక పేరా రాస్తానన్నాను.

"మా అమ్మ బీడీలు చుట్టేది సార్" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు. "గా సంగతి రాయకున్రి. బాగుండదు. ఏదన్న మంచిగ రాయున్రి. సదువుతుంటె కండ్లల్ల నీళ్లు రావాలె."

అప్పుడు నేను మా గొడుగు తీశాను. నేను బడికి వెళ్లే రోజుల్లో ఇంట్లో ఒకే గొడుగు. దాని పుల్లల్లో సగం విరిగిపోయి, తెరిస్తే దెబ్బతిన్న గబ్బిలంలా ఉండేది. వాన వస్తే అక్క ఆ గొడుగును నా మీదా పట్టేది కాదు, తన మీదా పట్టేది కాదు. నా పుస్తకాల సంచి మీద పట్టేది. ఏడుస్తూ అడిగితే, "మనిషి ఆరుతడు. పుస్తకం ఆరదు" అనేది. ఇద్దరం కోళ్లలా తడిసి, ముక్కులు కార్చుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం. పుస్తకాలు మాత్రం మహారాజుల్లా పొడిగా వచ్చేవి. అదంతా రాసి, 'అక్క' అన్నచోటల్లా 'అమ్మ' అని పెట్టాను.

అక్క అది టైపు చేస్తూ ఆగింది. వెనక్కి తిరిగి, "ఏందిరా, నేను గీయన్ను ఎప్పుడు కన్న?" అంది.

"ఆయనకు గుర్తు లేదంటక్కా."

"గీడ పురిటి నొప్పులు నాయి, బారసాల ఆయనదా?" అని నవ్వి, తప్పులు దిద్ది మరీ కొట్టిచ్చింది.

ఆ లెక్చరరు ఆ పేజీ చూసి నా ఎదుటే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ వార్త బయటికి పాకింది. ఫలానా చోట రాయిస్తే కృతజ్ఞతలు చదివి గైడులు కూడా ఏడుస్తున్నారట అని. అప్పటినుంచి వచ్చినవాళ్లందరూ ఆ పేజీ గురించే అడిగేవాళ్లు. నాకొక కట్టుబాటు ఉండేది. ఒకరికి ఇచ్చిన తల్లిని ఇంకొకరికి ఇవ్వను. దొంగపనిలో ఆ మాత్రం నీతి ఉండాలని నా పట్టుదల. అందుకని ప్రతి డాక్టరుకూ మా అక్కలోంచి కొత్త ముక్క కోసి ఇవ్వాల్సి వచ్చేది. గిన్నె అడుగున మాడిన అన్నం తనకే ఇష్టమని చెప్పి తినడం ఒక హోంసైన్స్ మేడంకు వెళ్లింది, అక్కడ అత్తగారి ఖాతాలో పడింది. చలికాలంలో వేళ్లు కొంకర్లు పోతే పొయ్యి మీద కాచుకుని మళ్లీ టైపుకు కూర్చోవడం ఒక కామర్స్ ఆయనకు తండ్రిగా వెళ్లింది. పరీక్షల పొద్దుల్లో కీర్తన పాడి నన్ను లేపడం ఒక చరిత్ర పరిశోధకుడి ఇంట్లో భజనగా మారింది. మా అక్క అన్ని మతాల్లో, అన్ని కులాల్లో, రెండు రాష్ట్రాల్లోని అన్ని జిల్లాల్లో పిల్లల్ని కన్నది.

"పెండ్లి చేసుకోకపోయినా సంతానానికి కొదవ లేదు నాకు" అనేది టైపు కొడుతూ. "ఒక్కడు కూడా పండగకు చీర పెట్టడేందిరా?"

ఇలా ఉండగా యంత్రం వచ్చింది. ఫోనులో అడిగితే చాలు, అధ్యాయాలకు అధ్యాయాలు రాసి పడేస్తుంది. నా మెడ వంగిపోయేంత కాలం పట్టే పనిని అది టీ చల్లారేలోపు చేస్తుంది. క్లయింట్లు రావడం తగ్గింది. వచ్చినవాళ్లు యంత్రం రాసిన కట్ట తెచ్చి, "జర మనిషి వాసన పట్టియ్యున్రి సార్" అనేవాళ్లు. అదీ పోయి చివరికి ఒకే ఒక్క పని మిగిలింది. "ఛాప్టర్లన్నీ అయినయ్ సార్. గా అమ్మ పేజీ ఒక్కటి మీరు రాస్తె సాలు." కొసరుగా పుట్టింది అసలు బేరమై కూర్చుంది. కాబట్టి మా అక్క ఇంకా జోరుగా ఖర్చవడం మొదలైంది. తనకే గుర్తులేనివి కూడా నేను తవ్వి తీశాను.

సరిగ్గా ఆ రోజుల్లో అక్క కడుపులో గడ్డ బయటపడింది.

రాష్ట్రం నిండా నేను చేసిన డాక్టర్లుంటే, ఆ గడ్డను చేత్తో తడిమి ఇది ఫలానా అని చెప్పగలవాడు ఒక్కడూ లేడు. దవాఖానలోని నిజం డాక్టరు చెప్పాడు. చెప్పేముందు కళ్లజోడు తీసి తుడిచాడు. నేను ఎన్నో పుస్తకాలకు ముగింపులు రాసినవాణ్ణి, ఆ తుడవడంలోనే అర్థమైంది.

మా చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోతే భూస్థాపనకు ముందు గుళ్లో ఆరాధన చేస్తారు. అందులో పోయినవాళ్ల జీవిత విశేషాలు ఎవరో ఒకరు చదవాలి. ఏళ్ల తరబడి సంఘంలో అందరి విశేషాలూ టైపు చేసి ఇచ్చింది మా అక్కే. ఒకరిది రాసి ఉంటే చాలు, పేరు మార్చి మిగతావాళ్లకు వాడుకోవచ్చు. అందరూ ప్రార్థనాపరులే, అందరూ అతిథులను ఆదరించినవాళ్లే, అందరూ ప్రభువునందు నిద్రించినవాళ్లే. ఎముకల పులుసు కూడా పక్కింటికి పంపని పిసినారి ముసలమ్మ సైతం ఆ కాగితంలో పేదల పాలిటి తల్లి.

అందుకే అక్క మంచం మీద కూర్చుని మెలిక పెట్టింది. "నాది నువ్వే రాయాలె. అయ్యగారికి ఇయ్యకు. ఆయన అందరికి రాసేదే నాకు అంటిస్తడు." అయ్యగారంటే మా పాస్టరు. "ఇంకోటి. నువ్వు అమ్ముకున్నది ఒక్క ముక్క గూడ అందులో ఉండొద్దు. నాదంటూ ఏదన్న మిగిలి ఉంటె, అది రాయి. రాసి నాకు చదివి వినిపియ్యి. సచ్చినంక ఎట్లనూ ఇనలేను."

ఇంతకంటే తేలికైన పని ఏముంటుందనుకున్నాను. ఊరూ పేరూ తెలియని తల్లుల మీద పుంఖానుపుంఖాలుగా రాసినవాణ్ణి, నన్ను పెంచిన మనిషి మీద ఒక్క పేజీ రాయలేనా? మర్నాడే రాసుకుని వెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

"ఆమె తన వేళ్లను పొయ్యి మీద..."

"కామర్స్."

నేను ఆ వాక్యం కొట్టేసి కిందికి వెళ్లాను. "ఫీజు కట్టడానికి తన చేతి గడియారాన్ని..."

"సోషియాలజీ. హిమాయత్‌నగర్ పొడుగు పిల్ల. గడియారం కాదు, ముక్కుపుడక అని మార్చినవ్ గూడ."

"నేను జ్వరంతో పడుకున్నప్పుడు..."

"ఆ జ్వరం ఇద్దరికి ఇచ్చినవ్. నీ నీతి గూడ గంతే." కళ్లు తెరిచి నన్ను చూసి నవ్వింది. "నన్ను మొత్తం పంచి పెట్టినవ్ తమ్మీ. తునకలు గూడ మిగల్చలే."

నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం మంచం పక్కనున్న ఇనుప స్టూలు కిందికి దిగబడుతున్నట్టు అనిపించింది. వెళ్లిన ప్రతిసారీ కొత్త కాగితం తీసుకెళ్లేవాణ్ణి. ఆమె ఒక్కో వాక్యానికీ ఒక్కో డిపార్ట్‌మెంటు పేరు చెప్పి పంపించేది. గొంతు తగ్గిపోయాక చెప్పడం మానేసి వేలు ఊపేది. ఆ వేలు ఊగితే ఆ ముక్క అమ్ముడుపోయిందని అర్థం.

చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని చెవిలో అన్నది. "ఒక బజ్జీ తే."

ఈ బజ్జీల కథ కొంచెం ఉంది. మా సంఘంలో స్త్రీల మైత్రి అని ఒక బృందం ఉంది. శుక్రవారాలు వాళ్లు ఉపవాస ప్రార్థన చేస్తారు. దానికి పెద్ద మా అక్క. ఎవరెవరు ఉపవాసం ఉన్నారో, ఎవరు మధ్యలో టీ తాగి దేవుణ్ణి మోసం చేశారో అడిగి మరీ నిలదీసేది. ప్రార్థన ముగిసేదాకా ఆగలేక, మందులు వేసుకోవాలనో, బస్సు దొరకదనో చెప్పి ముందే బయటపడి, తిన్నగా ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులోకి వెళ్లి మిరపకాయ బజ్జీలు తినేది. తెల్లచీరలో, చంకలో బైబిలు సంచితో, గోడవైపు తిరిగి, ఏడు తరాల ఆకలి తీర్చుకుంటున్నట్టు తినేది. ఆ బండి దగ్గర నూనె మరుగుతుంటే వచ్చే పొగకు నాంపల్లి దాకా జనం తుమ్ముతారు. ఆ కారానికి గుర్రాలు కూడా కన్నీళ్లు పెడతాయి. అక్క మాత్రం కన్ను చెమర్చేది కాదు. ఇంటికి వచ్చి సాయంత్రం దాకా "ఉపవాసం తమ్మీ, నీరసంగ ఉంది" అని నాతో పనులు చేయించుకునేది. నేను ఒకసారి అదే సందులో ఎదురుపడ్డాను. నమిలేది ఆపకుండానే, "అమ్మగారికి చెప్పకు" అన్నది. అమ్మగారంటే పాస్టరు భార్య. చెప్పలేదు, ఎవరికీ.

ఆ బజ్జీయే ఇప్పుడు దవాఖానకు తెమ్మంటోంది. నీళ్లు కూడా చెంచాతో పట్టాలని చెప్పారు. అయినా వెళ్లి తెచ్చాను. కాగితం పొట్లం విప్పి చేతిలో పెట్టాను. నోట్లో పెట్టుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు స్త్రీల మైత్రి వాళ్లు వార్డు తలుపు దగ్గర కనిపించారు, అందరూ తెల్లచీరల్లో, ముందు అమ్మగారు. మా అక్క, రెండు రోజులుగా పక్కకు ఒత్తిగిల్లలేని మనిషి, మెరుపులా బజ్జీని దిండు కింద తోసింది.

వాళ్లు మంచం చుట్టూ నిలబడి కళ్లు మూసుకున్నారు. అమ్మగారు ప్రార్థన ఎత్తుకున్నారు. దిండు కింద నుంచి వాము, కారం, వేడి నూనె వాసన లేచింది. ఆ వాసనకు పక్క మంచం రోగి, రెండు రోజులుగా స్పృహలేని మనిషి, కదిలినట్టు నాకు అనిపించింది. అమ్మగారి ముక్కుపుటాలు ఒకసారి అదిరాయి. "ప్రభువా, నీ దాసురాలు... ఉపవాసములో నిన్ను..." అని తడబడ్డారు. మా అక్క ఒక కన్ను మాత్రం తెరిచి నన్ను చూసింది. కన్ను కొట్టింది.

నేను మళ్లీ ఆమె తెరిచిన కళ్లు చూడలేదు. ఆ తర్వాతి పొద్దున వెళ్లేసరికి నర్సులు దుప్పటి మొహం మీదికి లాగుతున్నారు.

ఆమెకు వినిపించాల్సిన కాగితం రాయనే లేదు. ఆరాధన సమయం పెట్టేశారు. ఇంటినిండా జనం, ఎవరో పూలు ఎక్కడ దొరుకుతాయని, ఎవరో పెట్టె ఎంత పొడుగని అడుగుతున్నారు. నేను వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకేమీ తోచక, గొడుగు రాశాను. అమ్మినదే. మొట్టమొదట అమ్మినదే. కనీసం ఈ ఒక్కరోజుకు తిరిగి తెచ్చుకుందాం, అసలు మనిషి పక్కన దాన్ని పెడదాం, ఎవరేం చేస్తారులే అనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

గుడి నిండింది. ముందు పెట్టె, దానిలో మా అక్క టైపు కొట్టే చేతుల్లో తెల్లపూలు. నేను ముందు బెంచీలో ఉన్నాను. పక్కన ఎవరో వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే ఎకనామిక్స్ లెక్చరరు. ఇప్పుడు ఒక కాలేజీకి ప్రిన్సిపాలు, జుట్టు నెరిసింది. అంత దూరం నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చాడు. నా డాక్టర్లలో వచ్చినవాడు ఆయన ఒక్కడే. ఆ మాట నిజంగా చెప్పాలి.

"తల్లి లెక్క పెంచింది గదా సార్ మిమ్ములను" అన్నాడు గుసగుసగా. "నాకు తెల్సు సార్ ఆ బాధ. మా అమ్మ గూడ గిట్లనే ఉండె. నేను బడికి పోయేటప్పుడు వాన పడితె, గొడుగు నా మీద పట్టకపోయేది సార్. పుస్తకాల మీద పట్టేది. 'మనిషి ఆరుతడు బిడ్డా, పుస్తకం ఆరదు' అనేది. గిప్పటికీ వాన పడితె..."

ఆయన జేబులోంచి రుమాలు తీశాడు.

నేను ఆయన కళ్లలోకి చూశాను. ఏదో మూల తుంటరితనం ఉంటుందేమో, లేదా సిగ్గు ఉంటుందేమో అని. రెండూ లేవు. ఉన్నవి కన్నీళ్లే. అది రాసిన నాకే చెబుతున్నానన్న సంగతే ఆయనకు తెలియదు. ఎన్ని సభల్లో చెప్పాడో, ఎంతమంది పిల్లలకు చెప్పాడో, ఇప్పుడు ఆ వానలో ఆయనకు స్పష్టంగా వాళ్లమ్మ మొహమే కనిపిస్తోంది. పొగాకు దుమ్ములో కూర్చుని రోజంతా బీడీలు చుట్టిన అసలు తల్లి ఏమైందో నాకు అర్థం కాలేదు. ఆమెను ఆయన ఎక్కడ దింపి వచ్చాడు? ఆ వేళ్లు, ఆ వాసన, ఆ చాట, ఏవీ ఆయన దగ్గర లేవు. మా అక్క వచ్చి కూర్చోవడంతో ఆమె లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ కుర్చీ వేసింది నేను.

"గొప్ప తల్లి సార్" అన్నాను. ఇంకేం అనను?

అయ్యగారు నా పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను. జేబులో గొడుగు ఉంది. ఆ గొడుగు తెరిస్తే ముందు బెంచీలో ఒక మనిషికి తల్లి పోతుంది, తెరవకపోతే నా దగ్గర ఏమీ లేదు. గుడి మొత్తం నా వైపు చూస్తోంది. మధ్యలో పెట్టె ఉంది. ఆ పెట్టెలోంచి ఒక వేలు ఊగుతున్నట్టే అనిపించింది.

కాగితం తీయలేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"మా అక్క శుక్రవారాలు ఉపవాసం ఉండేది కాదు. ఆబిడ్స్ సందులో గోడవైపు తిరిగి బజ్జీలు తినేది."

అయ్యగారు దగ్గారు. నేను ఆపలేదు. క్యారం ఆటలో మోచేత్తో నా కాయల్ని కంతల దగ్గర్నుంచి దూరంగా నెట్టేదని చెప్పాను. క్వైర్‌లో పక్కామె గొంతు బాగుంటుందని తట్టుకోలేక ఆమె వినపడకుండా రెండింతలు అరిచి పాడేదని చెప్పాను. ఇంటి ఓనరు అడ్డమైన మాట అంటే చెప్పు విసిరిందనీ, అది తగలనందుకు వారం రోజులు బాధపడిందనీ చెప్పాను. దిండు కింద బజ్జీ సంగతి చెప్పాను. కృతజ్ఞతల పేజీల్లోకి ఎవరూ అడగని సరుకు ఇదంతా. ఎవరూ కొనలేదు కాబట్టి మిగిలింది. మిగిలినంత మేరా మా అక్కే. చివరి వాక్యం పూర్తికాలేదు.

అమ్మగారు తల దించుకుని ఉన్నారు. స్త్రీల మైత్రి వాళ్లు రాళ్లలా కూర్చున్నారు. క్వైర్ వరసలో నుంచి ఆ పక్కామె, ఇప్పుడు ముసలామె, కళ్లద్దాల కింద కొంగుతో ఒత్తుకుంటూ అందరికీ వినపడేట్టు అన్నది. "నాకు ఎర్కే. కీర్తన ఎత్తుకుంటె మిరపకాయ వాసన కొట్టేది."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు మా అక్కకు వినిపించలేదు. వినిపించాలని అడిగింది ఆమె, వినిపిస్తానన్నది నేను. అన్నీ వరసగా దొరికాయి, మనిషి పెట్టెలోకి వెళ్లాక.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే ప్రిన్సిపాలు నా పక్కన నడిచాడు. "ఏమనుకోకున్రి సార్, గా బజ్జీల సంగతి చెప్పకుంటె అయ్యేది. పెద్దమనుషులు ఉన్నరు గదా. త్యాగం గీగం చెప్తె మంచిగుండె" అన్నాడు. నిజంగా నా మంచి కోరే అన్నాడు. ఔనన్నాను.

కొన్నాళ్లకు గది తెరిచాను. రెండో కుర్చీ మీద దుమ్ము. కింద మెషీన్లు తిరుగుతున్నాయి, బల్ల వణుకుతోంది. పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. ఛాప్టర్లన్నీ యంత్రం రాసేసింది, అమ్మ పేజీ కావాలి.

"మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?"

"ఏం చేస్తది సార్, ఇంట్లనే ఉంటది."

"ఎవరూ చూడకుండా ఏం తింటుంది?"

ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. ఇంట్లో చావు జరిగిన మనిషి కదా అనుకున్నట్టుంది. "మీరు రెస్ట్ తీసుకోండి సార్, ఫికర్ లేదు. నేను గిందులనే అడుగుత" అని ఫోను తీసింది. టకటకా ఏదో కొట్టింది. క్షణంలో వచ్చింది.

"ఇనండి సార్, జర ఎట్లున్నదో చెప్పండి" అని పైకి చదివింది. 'వాన కురిసిన ప్రతిసారీ తాను తడుస్తూ నా పుస్తకాలకు గొడుగు పట్టిన మా అమ్మకు. మాడిన అన్నం తనకిష్టమని చెప్పి నాకు వేడి అన్నం పెట్టిన మా అమ్మకు.'

చదువుతూ చదువుతూ ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

నా గ్రంథాలన్నీ ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఎక్కించి ఉన్నాయి. ఆ యంత్రం అవి మింగిందో, లేక లోకంలో తల్లులందరి దగ్గరా ఒక గొడుగూ, ఒక మాడిన గిన్నే ఉంటాయో నాకు తెలియదు. అడిగి తెలుసుకోగలిగిన మనిషి ఒక్కతే. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మనిషి. రెండో కుర్చీ వైపు చూశాను.

"మంచిగున్నది గద సార్? ఏమన్న కలపాల్నా?"

ఫోను అందుకుని మొదటినుంచి చివరిదాకా చూశాను. ఎక్కడా బజ్జీలు లేవు.

"ఏమీ కలపకమ్మా" అని తిరిగి ఇచ్చేశాను.